దేవుని గూట్లో రెండు ముడుపులు

ఊర్లో పాత ఇంటికి సున్నం వేయిద్దామని పోయిన వారం వెళ్లాను. సామాన్లన్నీ వాకిట్లో పెట్టించాక వంటింటి గోడకున్న దేవుని గూడు ఖాళీగా కనిపించింది. గూటి లోపల కుడి పక్కన రెండు పసుపు మరకలు. అమ్మ పోయి మూడేండ్లయింది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ మరకలు మళ్లీ పైకి తేలుతూనే ఉన్నాయి. సున్నం వేసే ఆయన "గీకెయ్యాల్నా అమ్మా?" అని అడిగాడు. వద్దన్నాను. గూడు వదిలేసి మిగతాదంతా వేయమని చెప్పి వేపచెట్టు కింద కూర్చున్నాను. చాలాసేపటి దాకా లేవబుద్ధి కాలేదు.

ఆ మరకలు ముడుపులవి. అమ్మ కట్టిన రెండు ముడుపులు. ఒకటి 2009 డిసెంబర్‌లో కట్టింది, ఇంకోటి 2010 ఫిబ్రవరిలో. రెండూ నాలుగేండ్లు అక్కడే, గూటి మేకుకు పక్కపక్కన వేలాడాయి.

మాది పరకాల దగ్గరి పల్లె. నేను పెళ్లయ్యాక హనుమకొండలో ఉన్నాను. తమ్ముడు కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. 2009 నవంబర్ 29న కేసీఆర్ ప్రత్యేక తెలంగాణ కోసం దీక్షకని కరీంనగర్ నుంచి సిద్దిపేటకు బయలుదేరితే అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తీసుకుపోయారు. ఆ రోజు నుంచి తమ్ముడు మాకు దక్కలేదనే చెప్పాలి. ఫోన్ చేస్తే వెనక నినాదాలు, ఈలలు, ఉరుకులాట. "అక్కా, తర్వాత చేస్త" అని పెట్టేసేవాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడో అర్ధరాత్రికి వచ్చేది.

డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోం మంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని ప్రకటించారు. ఆ రాత్రి హనుమకొండలో ఎవరూ పడుకోలేదు. తమ్ముడు ఫోన్లో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు. సరిగ్గా రెండు వారాలకు, 23న, అందరితో విస్తృతంగా సంప్రదించాలంటూ ఇంకో ప్రకటన వచ్చింది. ఇస్తున్నట్టే ఇచ్చి చేతుల్లోంచి గుంజుకున్నట్టయింది. ఆ పద్నాలుగు రోజుల సంతోషం ఎంత పెద్దదో, తర్వాత వచ్చిన దిగులు అంతకు రెండింతలు. పిల్లల మీద అది ఎట్లా పడిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. పొద్దున పేపర్ విప్పాలంటే చేతులు వణికేవి. లోపలి పేజీల్లో ఎవరిదో ఒక పిల్లవాడి ఫొటో. నిన్నగాక మొన్న ఇంటర్ పాసైన మొహాలు. పెద్దమనుషులు, ప్రొఫెసర్లు, నాయకులు అందరూ సభల్లో చేతులెత్తి బతిమాలేవారు, చావకండి బిడ్డల్లారా, బతికి కొట్లాడుదామని.

అప్పుడు నేను పిల్లను తీసుకుని ఊర్లోనే ఉన్నాను. 23 రాత్రి నుంచి తమ్ముడి ఫోన్ స్విచాఫ్. 24 అంతా స్విచాఫ్. హాస్టల్ ఖాళీ చేయించారని ఒకరు, కాదు కొందరిని పోలీసులు ఎత్తుకుపోయారని ఇంకొకరు. బాపు టీవీ ముందు నుంచి కదల్లేదు, చూసిందే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. చీకటి పడ్డాక అమ్మ లేచి టీవీ ఆపేసింది. "చూసింది చాలు. చూస్తే పిల్లగాడు అండ్లకెల్లి దిగి రాడు" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

కాళ్లు చేతులు కడుక్కుని వచ్చింది. పాత తెల్ల ధోవతి అంచు చింపింది. చిన్న గిన్నెలో పసుపు కలిపి గుడ్డను ముంచి పిండింది. నీళ్ల పొయ్యి సెగకు పట్టుకుని ఆరబెట్టింది. పది రూపాయల నోటు, ఒక రూపాయి బిళ్ల, చిటికెడు బియ్యం, ఒక పోకచెక్క అందులో పెట్టింది. మూతి దగ్గరికి తీసి ముడి వేయబోతే వేళ్లు వణికి ముడి జారిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ జారింది. నేను కడతానని చెయ్యి చాపితే తల ఊపి వద్దంది. గట్టిగా ఊపిరి తీసుకుని పేర్లు అందుకుంది. కొమురెల్లి మల్లన్నా, అయినవోలు మల్లన్నా, భద్రకాళమ్మా, యాములాడ రాజన్నా, కొండగట్టు అంజన్నా, సమ్మక్క తల్లీ, సారక్క తల్లీ... లోపల గొణుక్కోలేదు. వాకిట్లో నడిచేవాళ్లకు వినబడేంత గట్టిగా. పేర్లు సాగుతుండగానే వేళ్లు కుదురుకున్నాయి. మూడు ముళ్లు పడ్డాయి.

అట్లా గట్టిగా పేర్లు తీయడం అమ్మకు మా నాయనమ్మ నేర్పింది. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊర్ల జనం కదిలారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు వారాలు దాటింది, మాకు మాత్రం ఇంకా నిజాం పాలనే. జనం మీద పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇప్పుడు పరకాలలో అమరధామం ఉన్నది ఆ రోజు పోయినవాళ్ల గుర్తుగానే. మా తాత కూడా ఆ పొద్దున జెండా వెంట పోయాడు. నాయనమ్మ చంకలో పిల్లతో ఇంట్లో ఒక్కతే. కాల్పుల కబురు మధ్యాహ్నానికి ఊరికొచ్చింది, ఎవరు పోయారో ఎవరు మిగిలారో చెప్పేవాళ్లు లేరు. నాయనమ్మ జొన్నలు తెచ్చి విసుర్రాయి ముందు కూర్చుందట. ఆ రాత్రి, తెల్లారి, మళ్లీ రాత్రి, విసురుతూనే ఉందట, మల్లన్న పాట పాడుతూ. తాత మూడో రోజు వచ్చేసరికి ఇంట్లో రెండు కుండల పిండి ఉందని చెప్పుకునేవాళ్లు.

చిన్నప్పుడు నేను అడిగాను, అంత గట్టిగా ఎందుకు పాడావు నాయనమ్మా, రజాకార్లు వింటే? "లోపల్లోపల అనుకుంటె భయం మాటనే పెద్దగ వినబడ్డది బిడ్డా. భయమైనప్పుడు దేవుని పేరు గట్టిగ తియ్యాలె. నీ గొంతు నీకు వినబడాలె" అంది. అప్పుడు నాకు అది పిల్లల్ని సముదాయించే మాటలాగే అనిపించింది. ఆ డిసెంబర్ రాత్రి అమ్మ వేళ్లు ముడి మీద నిలవడం చూశాక కానీ ఆ మాట నాకు ఎక్కలేదు.

తమ్ముడు 26 తెల్లవారుజామున పాల బండి పట్టుకుని వచ్చాడు. చెప్పులు లేవు, మోచెయ్యి దోక్కుపోయి ఉంది. అమ్మ తిట్టలేదు. నీళ్లు కాచి తలంటు పోసింది. తలకాయ తుడిచి గూటి ముందుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ముడుపు మీద చెయ్యి పెట్టమంది.

"పోవద్దని నేననను. మీ తాత పోయిండు, నువ్వు పోతవు. నీ అసుంటోళ్లందరు పోవాలె. కానీ బతికుండి అడుగుతనను. సచ్చి ఏది అడుగనని ఈ తల్లుల మీద ఒట్టు పెట్టు."

వాడికి ఇరవై మూడేండ్లు. మైకు దొరికితే అర గంట మాట్లాడేవాడికి ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో. బాపు గడపలో నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. చివరికి అన్నాడు. "బతికుండే అడుగుతనమ్మా."

దేవుని ముందు కూర్చుంటే పనులు అవుతాయా, ఉద్యమాలు నడుస్తాయా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లతో నేను వాదించను. మా ఇంట్లో మాత్రం పిల్లవాడిని గుమ్మం దాటనిచ్చే ధైర్యం అమ్మకు ఆ గూటి ముందే వచ్చింది. మళ్లీ క్యాంపస్‌కు పోయేటప్పుడు వాడికి తనే బస్సు చార్జీలు ఇచ్చి పంపింది.

2010 జనవరి 27 నుంచి 30 దాకా మేడారం జాతర. అమ్మ పోయి మొక్కుకుని వచ్చింది, చదువు తీరి పిల్లవాడు క్షేమంగా ఇల్లు చేరితే వాడి నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లం. మేడారంలో బెల్లాన్ని బెల్లం అనరు.

రెండో ముడుపు గురించి రాయాలంటే చెయ్యి ఆగుతుంది. కానీ రాయకపోతే ఈ జ్ఞాపకం సగమే అవుతుంది.

మా వెనుక వాడలో ఒక చిన్నమ్మ ఉండేది. రక్త సంబంధం కాదు, ఊరి వరుస. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. నాకు తమ్ముడి వరుస. బతుకమ్మకు నా వెంట గుట్టకు వచ్చి తంగేడు పూలు కోసి ఇచ్చేవాడు. 2010 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వాడిని ఆస్పత్రికి తీసుకుపోయారని కబురు. అమ్మ ఆ రాత్రే రెండో గుడ్డ పసుపులో ముంచింది. అవే పదకొండు రూపాయలు, అవే పేర్లు. మొదటి ముడుపు పక్కన కట్టింది. వారం రోజులు కొట్టుకలాడాడు. ఆ వారమంతా "అమ్మా, సల్లటి నీళ్లు" అని ఒక్కటే అడిగేవాడని చిన్నమ్మ చెప్పింది. ఎనిమిదో రోజు పోయాడు.

చాలా మంది వచ్చారు. దండలు, బ్యానర్లు, నినాదాలు. పదిహేను రోజులకు అందరూ వెళ్లిపోయారు.

నెల మాసికం అయ్యాక అమ్మ, నేను వాళ్లింటికి పోయాం. చిన్నమ్మ అరుగు మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. అమ్మ వైపు తిరిగి, కోపం కూడా లేని గొంతుతో అడిగింది.

"అక్కా, నువ్వు మొక్కినవు, నేను మొక్కిన. నీ మొక్కు విన్నరు. నాది ఎందుకు వినలేదు?"

నేను అమ్మ మొహం చూశాను. ఏదో ఒకటి చెబుతుందని. రాత అనో, దేవుడు మంచోళ్లను ముందు తీసుకుపోతాడనో, ఊర్లో అందరూ చెప్పే మాటలు ఉంటాయి కదా. అమ్మ ఏదీ చెప్పలేదు. చెప్పులు విడిచి అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది. దీపాలు పెట్టే వేళ దాటింది. ఆ ఇంట్లో దీపం పెట్టలేదు. చీకట్లోనే ఇద్దరూ కూర్చున్నారు. నేను మెట్టు మీద.

ఆ తర్వాత అమ్మ రోజూ పోయేది. మా ఇంట్లో దీపం పెట్టి, నేరుగా వెనుక వాడకు పోయి ఆ అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేది. దేవుళ్ల ముచ్చట ఎత్తేది కాదు. వడ్లు, ఎండలు, బర్రె ఈనడం, ఇవే మాటలు. ఒక్కోరోజు అవి కూడా ఉండవు. మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం చిన్నమ్మ తనంతట తానే "వత్తి ఉంటె ఇయ్యి అక్కా" అని అడిగిందట. అమ్మ ఇంటికి పరుగెత్తుకు వచ్చి పత్తి తీసుకుపోయింది. అమ్మ అంత వేగంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదని బాపు చెప్పాడు.

రెండో ముడుపును అమ్మ విప్పలేదు, తీసేయలేదు. నేను ఒకసారి అడిగాను, తీరని మొక్కు కదా, అట్లా ఉంచొచ్చా అని. "మొక్కు తీరలేదు గని, మొక్కింది నిజమే గదా బిడ్డా" అంది.

2011 సంగతి. జనవరిలో, తెలంగాణ మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటికి వచ్చింది. ఆరు మార్గాలు చెప్పారు, ఒక్క దారీ కనిపించలేదు. జూన్ 21న, ఉద్యమానికి దారి చూపిన ప్రొఫెసర్ జయశంకర్ సార్ పోయారు. ఆయన పుట్టిన అక్కంపేట మాకు దూరమేమీ కాదు. ఆ రోజు తమ్ముడు అన్నం ముట్టలేదు. సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. మా ఆయన సర్కారు బడి టీచర్, సమ్మెలో ఉన్నారు. జీతం లేదు. వారం తిరిగేసరికి ఆర్టీసీ బస్సులు కూడా ఆగిపోయాయి. సింగరేణిలో బొగ్గు ఆగింది, కరెంటు కోతలు. మనుమరాలిని చూసిపోదామని హనుమకొండ వచ్చిన అమ్మ మా ఇంట్లోనే చిక్కుకుపోయింది. 42 రోజులు నడిచింది ఆ సమ్మె. నా పుస్తెల తాడు అప్పటి సగం రోజులు కుదువలో ఉంది. మా పక్కింటి చాచీ రోజూ సాయంత్రం ఒక గిన్నెలో ఏదో ఒకటి తెచ్చేది, వాళ్లింట్లోనూ జీతం లేదని తెలుసు. ఖాజీపేట దర్గాకు పోయి వచ్చి తమ్ముడి కోసం ఒక తాయెత్తు ఇచ్చింది. "మా పీర్ సాబ్‌కు కూడా చెప్పిన, పిలగాన్ని చూస్కుంటడు" అంది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఊరికి పోయాక మొదటి ముడుపు మేకుకే కట్టింది.

సమ్మె నడుమనే బతుకమ్మ వచ్చింది. పండుగ చేసుకోవాలా వద్దా అని వాడలో చర్చ. బస్సుల్లేవు, పూలు రావు. చివరికి చుట్టుపక్కల ఊర్ల నుంచి సైకిళ్ల మీద, ఆటోల్లో తంగేడు, గునుగు దిగాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కిందికి పోయేసరికి దారి పొడుగునా పోలీసు వ్యాన్లు ఆగి ఉన్నాయి. జాలీల వెనక హెల్మెట్లు. బతుకమ్మలు దించి అందరం గుండ్రంగా నిలబడ్డాం. పాట మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు. మా వాడ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆ ఏడు బతుకమ్మ పాటల్లో తెలంగాణ మాట కలవకుండా ఉండదని అందరికీ తెలుసు, పోలీసులకూ తెలుసు. నా చేతుల్లో చెమట. పక్కన పిల్ల నా కొంగు పట్టుకుని ఉంది.

అమ్మ మా మధ్యలోంచి ముందుకు నడిచింది. ఆమె అక్కడ ఎవరికీ తెలియని పల్లెటూరి మనిషి. పసుపు గౌరమ్మకు ఒంగి దండం పెట్టి, నిలబడి, గొంతెత్తింది. ఆమె గొంతు తీయని గొంతేమీ కాదు, పొలంలో కూలీలను పిలిచే గొంతు. మొదటి చరణం ఒక్కతే పాడింది. రెండో ఉయ్యాలోకు ఇద్దరు ముగ్గురు కలిశారు. మూడోదానికి వాడంతా చప్పట్లు అందుకుంది. నా గొంతు నాకు ఎప్పుడు వినబడిందో తెలియదు, కానీ వినబడింది. నాయనమ్మ విసుర్రాయి గుర్తొచ్చింది.

ఆట అయిపోయి బతుకమ్మలను నీళ్లలో వదిలాక అమ్మ సద్దులు పంచుతూ పంచుతూ వ్యాన్ల దాకా పోయింది. నేను కంగారుపడి వెంట పోయాను. ముందు నిలబడ్డ కానిస్టేబుల్ నడివయసు మనిషి. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాపాడు. అమ్మ నువ్వుల సద్ది పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని తిన్నాడు.

2013 జూలై 30న ఢిల్లీలో తెలంగాణ ఇవ్వాలని కాంగ్రెస్ తీర్మానం అయింది. తమ్ముడు అప్పటికి చదువు ముగించి పరకాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. వాడి మీద రెండు కేసులు మిగిలాయి, ఎడమ మోకాలికి ఒక దెబ్బ మిగిలింది. మనిషి మాత్రం రాత్రిళ్లు ఇంటికి వచ్చి అన్నం తింటున్నాడు. 2014 ఫిబ్రవరి 12 నుంచి 15 దాకా జాతర అని తెలియగానే అమ్మ మొక్కు తీర్చాలంది. బిల్లు పార్లమెంటుకు రాబోతోంది కదా, రాష్ట్రం వచ్చాక పోదాం అన్నాడు తమ్ముడు. "నేను మొక్కింది రాష్ట్రానికి కాదు కొడుకా, నీకు. నువ్వొచ్చినవు" అంది.

పరకాలలో బెల్లం దుకాణం దగ్గర కాంటా ఎక్కమంటే తమ్ముడు సిగ్గుపడ్డాడు. దుకాణం సేటు "చెప్పులు విడిచి ఎక్కు తమ్మీ, తల్లి మొక్కు" అన్నాడు, ఆయన కూడా గల్లా దగ్గర నుంచి లేచి నిలబడి. అరవై నాలుగు కిలోలు. మొక్కుకున్న నాడు వాడు యాభై ఒక్క కిలో. "అప్పటి బరువు ఇస్తే సరిపోతది గదమ్మా" అన్నాడు వాడు. అమ్మ సంచీ మూతి పట్టుకునే "పెరగాలనే గదా నేనడిగింది" అంది. అరవై నాలుగూ తూచి ఇచ్చాడు సేటు. పైన ఒక చిన్న ముద్ద తన వంతుగా వేశాడు.

ములుగు గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి, పస్రా, తాడ్వాయి మీదుగా అడవిలోకి దిగాం. దారంతా దుమ్ము, ఎడ్ల బండ్లు, జీపులు, డప్పులు. అమ్మ ఒళ్లో చేతిసంచి. అందులో రెండు ముడుపులూ ఉన్నాయని నాకు మేడారం చేరాక కానీ తెలియదు.

జంపన్న వాగులో స్నానానికి దిగాం. సమ్మక్క కథ మాకు ఉగ్గుపాలతో వచ్చిందే. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మేడారం మీదికి వచ్చింది. కొట్లాటలో సమ్మక్క పెనిమిటి పగిడిద్దరాజు పోయాడు, బిడ్డ సారక్క పోయింది. కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. వాగుకు ఆయన పేరే నిలిచింది. సమ్మక్క చివరిదాకా కొట్లాడి చిలకలగుట్ట వైపు నడిచిపోయి కుంకుమ భరిణెగా దొరికింది. అక్కడ విగ్రహం లేదు, గుడి గోపురం లేదు. గద్దె, కంకవనమనే వెదురు, కుంకుమ భరిణె.

అమ్మ మూడు మునకలు వేసి లేచింది. తడి చీరతోనే సంచి తెరిచి రెండో ముడుపు తీసింది. నాలుగేండ్లలో గుడ్డ పసుపు వెలిసి మట్టిరంగు వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో తూర్పుకు తిరిగి నిలబడింది. చుట్టూ లక్షల మంది, పూనకాలు, శివసత్తుల కేకలు.

"ఇది గద్దె మీద పెట్టేది కాదు" అంది నాతో. "కొడుకును పోగొట్టుకున్న ముచ్చట ఇక్కడ్నే చెప్పాలె. ఆ తల్లికి ఈ వాగు కాడ అన్ని తెలుస్తయి."

పిల్లవాడి పేరు, వాళ్లమ్మ పేరు, ఊరి పేరు చెప్పింది. గట్టిగా, ఎప్పటిలాగే. ముడుపు నీళ్లకు ఆనించి వదిలింది. అది వెంటనే మునగలేదు, కొంచెం దూరం తేలుతూ పోయింది. తమ్ముడు ఒడ్డు నుంచి చూస్తూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వాళ్లిద్దరూ ఒక్క బడిలో చదివారు.

ఆ రోజు గురువారం, ఫిబ్రవరి 13. సాయంత్రం సమ్మక్క గద్దెకు వస్తుంది. మధ్యాహ్నం డేరా కింద పడుకుని ఉంటే పక్క డేరాలో ఒకాయన ఫోన్లో వార్తలు విని అరిచాడు. లోక్‌సభలో బిల్లు పెట్టగానే ఎవరో మిరియాల స్ప్రే కొట్టారట, ఎంపీలను ఆస్పత్రికి తీసుకుపోయారట. సిగ్నల్ పోతుంది, వస్తుంది, సగం సగం మాటలు. క్షణాల్లో డేరాల నడుమ గుంపులు కట్టారు. మళ్లీ ఆపుతారు, మళ్లీ డిసెంబరే, అని తమ్ముడు నేలను చూస్తూ కూర్చున్నాడు. వాడి మొహంలో 2009 కనిపించి నాకు గుండె జారింది. అమ్మ వాడి పక్కకు జరిగి, తల మీద చెయ్యి పెట్టి, పేర్లు మొదలుపెట్టింది. మొదట వాడు కదల్లేదు. తర్వాత వాడి పెదవులు కూడా కదలడం చూశాను. క్యాంపస్‌లో వాడు గుళ్లకు పోయేవాడు కాదు, ఆ రోజు కూడా దేవుడున్నాడని నమ్మాడో లేదో నేను అడగలేదు. అమ్మ గొంతు వెంట వాడి గొంతు నడిచింది.

చీకటి పడ్డాక చిలకలగుట్ట వైపు నుంచి తుపాకీ పేలిన చప్పుడు వచ్చింది. సమ్మక్క తల్లికి పోలీసులు ఇచ్చే వందనం అది. తుపాకీ చప్పుడంటే మా ఇంట్లో పరకాలే గుర్తొస్తుంది. ఆ రాత్రి దానికి జనమంతా ఒక్కసారిగా చేతులెత్తారు. మర్నాడు నలుగురు దేవతలూ గద్దెల మీద ఉండగా అరవై నాలుగు కిలోల బంగారం, మొదటి ముడుపు, చాచీ ఇచ్చిన తాయెత్తు తల్లులకు అప్పజెప్పి, ప్రసాదపు ముద్ద తీసుకుని ఇంటికి వచ్చాం.

అమ్మ ఊరంతా బంగారం పంచింది, చిన్నమ్మ ఇంటికి తప్ప. ఎందుకు పోలేదా అనుకున్నాను.

18న సాయంత్రం లోక్‌సభలో బిల్లు పాసైంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఏం జరుగుతోందో తెలియక కూర్చున్నవాళ్లం, పాసైందని స్క్రోలింగ్ రాగానే బాపు లేచి నిలబడ్డాడు. వాడంతా పటాకులు. తమ్ముడిని పిల్లలు ఎత్తుకుపోయారు. రంగులు, డప్పులు, ట్రాక్టర్ల మీద జెండాలు. నేను అమ్మ కోసం ఇల్లంతా వెతికాను. గూట్లో దీపం ఉంది, ప్రసాదం మూట లేదు.

వెనుక వాడకు పోయాను. అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పటాకుల వెలుగు పడ్డప్పుడల్లా వాళ్ల మొహాలు కనిపించి మాయమవుతున్నాయి. లోపల కొడుకు ఫొటో ముందు దీపం, దీపం పక్కన చిన్న బెల్లం ముక్క. అమ్మ అప్పటికే వాగు దగ్గరి సంగతి చెప్పినట్టుంది. చిన్నమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"వాగుల నీళ్లున్నయా అక్కా?"

"మోకాలి లోతున్నయి."

"సల్లగున్నయా?"

అమ్మ ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"సల్లగున్నయి చెల్లే. మస్తు సల్లగున్నయి."